'మార్చి చూద్దాం' అనేది రిపేరు కాదు

"మార్చి చూద్దాం సార్". ఈ మాట ఎవరి నోట విన్నా ఈమధ్య నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ముందు చూడాలి, తర్వాత మార్చాలి. ఇది చెప్పడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. కడుపునొప్పి అని వెళ్తే చెయ్యి కూడా వెయ్యకుండా "ఒక కిడ్నీ మార్చి చూద్దాం, తగ్గకపోతే రెండోది మారుద్దాం" అనే డాక్టరుంటే వీధి చివరిదాకా తరుముతాం. అదే మాట మెకానిక్కు అంటే మాత్రం బుద్ధిగా క్రెడిట్ కార్డు తీసిస్తాం. ఎందుకో నాకర్థం కాదు.

నా కోపానికి కారణం ఒక పడవ. నవ్వకండి, నిజంగానే పడవ.

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి లేక్ లానియర్ గురించి చెప్పక్కర్లేదు. 1950లలో చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన పెద్ద జలాశయం. వేసవిలో శనివారమొస్తే సగం ఊరు అక్కడే ఉంటుంది. పోయినేడు నేనూ, మరో ఇద్దరు స్నేహితులూ చందాలేసుకుని అక్కడ తిప్పడానికి ఒక పాత మోటారు పడవ కొన్నాం. 1997 మోడలు, పంతొమ్మిది అడుగులు, మెర్‌క్రూజర్ 4.3 లీటర్ల వీ-6 ఇంజను, వెనక ఆల్ఫా వన్ స్టెర్న్‌డ్రైవ్. చూడ్డానికి బానే ఉంది. 2800 నుంచి 3300 ఆర్పీయం దాకా మాత్రం మలేరియా వచ్చినట్టు వణుకుతుంది. ఆ పైన కాస్త తగ్గుతుంది, కింద అసలుండదు. సరిగ్గా మనుషులు హాయిగా కబుర్లు చెప్పుకుంటూ తిరిగే వేగం అదే మరి.

పడవతోపాటు పాత యజమాని ఒక ఫైలిచ్చాడు. డెబ్భై దాటిన పెద్దమనిషి, రసీదులన్నీ తేదీల వారీగా గుచ్చిపెట్టుకున్నాడు. ఒక వేసవిలో యూ-జాయింట్లు, గింబల్ బేరింగు, బెలోస్. మరుసటి వేసవిలో ఇంజను కప్లరు, ముందు మౌంట్లు. రెండు రసీదుల మీదా ఫిర్యాదు రాసే గడిలో ఒకటే మాట: వైబ్రేషన్. రెండూ కలిపితే 4,600 డాలర్లు దాటింది. వణుకు మాత్రం ఎక్కడికీ పోలేదు. "ఎప్పుడు ఏది విరుగుతుందో అని మనవల్ని ఎక్కించుకోవాలంటే భయమేసింది, అందుకే అమ్మేస్తున్నా" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, దాచలేదు, ధర కూడా తగ్గించాడు. డబ్బూ పోయింది, పడవా పోయింది ఆయనకి.

మేమూ ఒక మెరీనాకి తీసుకెళ్ళాం (పేరు అనవసరం). మెకానిక్కు పది నిమిషాలు తిప్పి వచ్చి, "గింబల్ బేరింగు, యూ-జాయింట్లు మార్చి చూద్దాం. తగ్గకపోతే కప్లరు చూద్దాం" అన్నాడు. అంచనా 3,800 డాలర్లు. ఫైలు తీసి చూపించాను. "ఈ రోజుల్లో పార్టులు అంతే, నాసిరకం" అన్నాడు. అంటే ఆ పెద్దాయన మార్చినవే మళ్ళీ మార్చి చూద్దామట!

మావాడొకడు నా చెవిలో, "మామా, తలా పన్నెండొందలు పడేస్తే గొడవ వదిలిపోతుంది కదరా" అన్నాడు. గొడవ వదిలిపోతుందని ఎవడు చెప్పాడ్రా? అంతకుముందు 4,600 పడేస్తే వదిలిందా?

సరే, అసలు విషయానికొద్దాం. స్టెర్న్‌డ్రైవ్ అంటే తెలియనివారికి రెండు ముక్కలు. ఇంజను పడవ లోపల వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. ప్రొపెల్లరు ఉండే కాలు బయట, నీళ్ళలో ఉంటుంది. 1959లో వోల్వో పెంటా ఆక్వామాటిక్ పేరుతో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది, తర్వాత మెర్‌క్రూజర్ వచ్చింది. ఇంజను ఫ్లైవీలుకి రబ్బరున్న కప్లరు, దాంట్లోకి పళ్ళున్న షాఫ్టు, అది గోడ దగ్గర గింబల్ బేరింగులోంచి బయటికొచ్చి రెండు యూ-జాయింట్లు దాటి పై గేరు పెట్టెలోకి పోతుంది. అక్కణ్ణించి నిలువు షాఫ్టు, కింద మళ్ళీ గేర్లు, చివర ప్రొపెల్లరు షాఫ్టు. కాలు మొత్తం ఎడమకీ కుడికీ తిరగాలి, పైకీ కిందకీ లేవాలి, అందుకే ఆ జాయింట్లు. వాటిమీదకి నీళ్ళు రాకుండా అకార్డియన్‌లా మడతలున్న రబ్బరు గొట్టం ఉంటుంది, అదే బెలోస్.

ఇందులో వణకగలిగినవి ఓ డజనున్నాయి. కానీ అన్నీ ఒకే లయలో వణకవు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే సగం పనైపోయినట్టే. ఇంజను 3000 ఆర్పీయంలో ఉందనుకోండి. క్రాంక్ షాఫ్టు సెకనుకి 50 సార్లు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక సిలిండరు పేలకపోతే ఆ కుదుపు రెండు చుట్లకొకసారి వస్తుంది, అంటే సెకనుకి 25. యూ-జాయింటు లోపమైతే చుట్టుకి రెండుసార్లు, అంటే 100. మా డ్రైవు గేరు నిష్పత్తి 1.81, కాబట్టి ప్రొపెల్లరు షాఫ్టు సెకనుకి సుమారు 27.6 సార్లు తిరుగుతుంది. మూడు రెక్కలు కాబట్టి రెక్కల దెబ్బ సుమారు 83.

25కీ 27.6కీ ఎంత తేడా ఉందో చూడండి. ఒకటి స్పార్క్ ప్లగ్గో, దాని వైరో. ఇంకొకటి పడవ చివర నీళ్ళలో ఉన్న ప్రొపెల్లరు. చేతికీ వీపుకీ ఈ రెండు వణుకులూ ఒకేలా తెలుస్తాయి. ముప్పై ఏళ్ళ అనుభవమున్న మెకానిక్కయినా సీట్లో కూర్చుని ఇది పాతికా, ఇరవై ఏడున్నరా అని చెప్పలేడు. మనిషి శరీరానికి ఆ శక్తి లేదు, అది ఆయన తప్పు కాదు. చెప్పలేనప్పుడు కొలవకపోవడమే తప్పు.

దీనికి జవాబుగా "న్యూట్రల్లో పెట్టి రేజ్ చేసి చూశాం, వణకలేదు, కాబట్టి ఇంజను మంచిదే, లోపం డ్రైవులోనే" అంటారు. మా మెకానిక్కూ అదే అన్నాడు. ఇంతకంటే సగం నిజం ఉండదు. ఎందుకంటే బలహీనంగా ఉన్న స్పార్కు బరువు లేనప్పుడు చక్కగా పనిచేసి, బరువు పడ్డాకే తప్పుతుంది. కాబట్టి న్యూట్రల్లో బాగున్నంత మాత్రాన ఇంజను నిర్దోషి అనలేం. ఇంకో వైపు చూస్తే, ఆల్ఫాలో గేరు క్లచ్చు ఉండేది కింద పెట్టెలో. అంటే న్యూట్రల్లో కూడా కప్లరు, గింబల్ బేరింగు, యూ-జాయింట్లు, నిలువు షాఫ్టు అన్నీ తిరుగుతూనే ఉంటాయి, ప్రొపెల్లరు షాఫ్టు తప్ప. కాబట్టి న్యూట్రల్లో వణకలేదంటే యూ-జాయింట్ల మీద అనుమానం తగ్గాలి గానీ పెరగకూడదు కదా? ఈయన దాన్నే ఆధారంగా చూపించి వాటినే మారుస్తానంటున్నాడు!

పైగా గింబల్ బేరింగు పాడైతే గుర్రుమనే మోత వస్తుంది, స్టీరింగు ఓ పక్కకి తిప్పితే ఆ మోత మారుతుంది. యూ-జాయింటు అరిగితే గట్టిగా మలుపు తిప్పినప్పుడు టకటకలాడుతుంది. మా పడవలో నేరుగా పోయినా, ఎటు తిప్పినా వణుకులో తేడా లేదు. ఇది తెలియడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు, స్టీరింగు తిప్పితే చాలు. ఆ పది నిమిషాల్లో ఆయన ఒక్కసారి కూడా గట్టి మలుపు తిప్పలేదు.

మేం చేసిందేమిటంటే, ఫిఫాక్స్ అని జర్మనీలో ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఉచితంగా ఇచ్చే యాప్ ఉంది. ఫోనులో ఉన్న యాక్సిలరోమీటరు చదివి గ్రాఫు గీస్తుంది. ఫోనుని పడవ నేలకి టేపుతో గట్టిగా అంటించి, వేగం కదలకుండా పట్టుకుని, ఇరవై సెకన్ల చొప్పున రికార్డు చేశాం. ఎందుకు ఇరవై? దగ్గరదగ్గరగా ఉన్న రెండు పౌనఃపున్యాల్ని విడదీయాలంటే ఎక్కువసేపు వినాలి. సగం సెకను వింటే 25కీ 27కీ తేడా కనపడదు. పాత పడవల్లో ఆర్పీయం మీటరుని నమ్మడానికి లేదు, అందుకని క్రాంక్ పుల్లీ మీద మెరిసే టేపు ముక్క అంటించి ఫొటో టాకోమీటరుతో సరిచూశాం. (ఇంజను మూత తెరిచే ముందూ, స్టార్టు చేసే ముందూ బ్లోయరు నాలుగు నిమిషాలు తిప్పండి. పెట్రోలు ఆవిరితో ఆటలొద్దు. తిరిగే బెల్టు దగ్గర చొక్కా అంచులు, చున్నీలు అసలొద్దు.)

ఇక్కడో పిట్టకథ. మావాడి ఫోను సెకనుకి వంద రీడింగులే తీసుకుంటుంది, నాది నాలుగొందలు. వాడి గ్రాఫులో 17 దగ్గర ఒక గీత కనపడింది, నాదాంట్లో లేదు. "చూశావా, ఇంకేదో ఉంది" అని వాడు తెగ సంబరపడ్డాడు. వేగం పెంచితే ఆ గీత పైకి పోవాల్సింది పోయి కిందికి దిగింది. సినిమాల్లో గుర్రబ్బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనపడుతుందే, అదే సంగతి. సెకనుకి వంద రీడింగులతో యాభై పైన ఉన్నదాన్ని చూడలేం. రెక్కల దెబ్బ 83, వందలోంచి తీసేస్తే 17 అయి దయ్యంలా కనపడింది. కొలవాలి అంటున్నాను కదాని కొలిచిందల్లా నిజమని కాదు, కొలిచే పరికరం గురించీ ఆలోచించాలి.

ఫలితం: 2800 దగ్గర 25.7, 3000 దగ్గర 27.5, 3200 దగ్గర 29.4. మూడింటినీ క్రాంక్ వేగంతో భాగించి చూడండి. మూడుసార్లూ 0.55 వస్తుంది, 0.50 కాదు. 1ని 1.81తో భాగిస్తే వచ్చేది అదే. అంటే ప్రొపెల్లరు షాఫ్టూ, దానికి తగిలించి ఉన్నదీ. ఇంజను కాదు, కప్లరు కాదు, గింబల్ బేరింగు కాదు, యూ-జాయింట్లు కాదు. ఆ పెద్దాయన డబ్బు పోసి మార్పించిన వాటిలో ఒక్కటి కూడా ఆ వేగంతో తిరగదు! మరి ఆ ఐదొందల ఆర్పీయం మేరే ఎందుకు వణుకుతుందంటే, ఆ లయ దగ్గర పడవ నేల తనంతట తాను ఊగుతుంది కాబట్టి. కుదుపు అన్ని వేగాల్లోనూ ఉంది, నేల పలికేది అక్కడే.

పక్క డాకులో ఉండేవాళ్ళ దగ్గర అదే సైజు ప్రొపెల్లరు ఒక గంట అరువు తెచ్చుకున్నాం. ఒక నట్టు విప్పి బిగించడం, పది నిమిషాల పని. ఆ గీత ఎత్తు ఐదో వంతుకి పడిపోయింది. మాది తీసి ప్రొపెల్లర్లు సరిచేసే షాపుకిస్తే, ఒక రెక్క పిచ్ మిగతా రెండిటికంటే దాదాపు అరంగుళం తేడాగా ఉందన్నారు. ఎప్పుడో దేనికో తగిలితే ఎవరో అంచు ఆకురాయితో గీకి, నల్లరంగు పూసి పెట్టేశారు. కంటికి తళతళలాడుతోంది. బాగుచేసినందుకు 140 డాలర్లు. ప్రొపెల్లరు విప్పినప్పుడే షాఫ్టు పక్కన ఒక సూది నిలబెట్టి చేత్తో తిప్పి చూశాం, షాఫ్టు వంగలేదు.

"నువ్వూ మార్చి చూశావు కదా, నీతులు మాకా?" అని మీలో ఎవరో అడుగుతారని తెలుసు. మార్చాను, నిజమే. కానీ ఒక్కటే మార్చాను, బాగుందని తెలిసినదాంతో మార్చాను, ఏం జరగాలో ముందే అనుకుని మార్చాను, ముందూ తర్వాతా కొలిచాను, వస్తువు వెనక్కిచ్చేశాను. దాన్ని ప్రయోగం అంటారు. నాలుగు ఒకేసారి మార్చి, తగ్గితే నా గొప్ప, తగ్గకపోతే పార్టు నాసిరకం అనేదాన్ని పేకాట అంటారు. అందులోనూ వేరేవాళ్ళ డబ్బుతో ఆడే పేకాట.

ఇంకో వాదన ఉంది: "ఎలాగూ పాతవే కదా, మారిస్తే నష్టమేంటి?" రెండు నష్టాలున్నాయి. ఒకటి, పాతబడ్డాయని ముందుజాగ్రత్తగా మార్చడం ఒక పని, జబ్బు కనిపెట్టడం ఇంకో పని. మొదటిదాన్ని రెండోదాని పేరుతో అమ్మితే అది మోసమే. రెండోది ఇంకా ఘోరం. ఆ రెండో రసీదులో కప్లరూ మౌంట్లూ మార్చినట్టుంది గానీ అలైన్‌మెంటు చూసినట్టు ఎక్కడా లేదు. ఇంజను మౌంట్లు మార్చాక, డ్రైవు విప్పి, అలైన్‌మెంటు కడ్డీని గింబల్ బేరింగులోంచి కప్లరులోకి తోసి చూడాలి. రెండు వేళ్ళతో తోస్తే జారిపోవాలి. పోకపోతే ముందు మౌంట్ల నట్లతో ఇంజనుని పైకో కిందకో సరిచెయ్యాలి. మేం డ్రైవుకున్న ఆరు నట్లూ విప్పి కడ్డీ పెడితే అది సగంలో బిగుసుకుంది. గ్రీజు మీద పళ్ళ గుర్తులు ఒక పక్కే పడ్డాయి. ఇంకో రెండేళ్ళు అలా తిప్పితే కొత్త కప్లరు పళ్ళు అరిగిపోయేవి, కొత్త బేరింగూ పోయేది. అప్పుడు నిజంగానే గింబల్ బేరింగు మార్చాల్సి వచ్చేది, "చూశారా, నేను ముందే చెప్పాను" అనేవాళ్ళు. జబ్బులేని చోట కోసి జబ్బు తెచ్చిపెట్టడమంటే ఇదే.

వణుకుని పట్టించుకోకుండా పాటలు పెద్దగా పెట్టుకుని తిరగమని నేను చెప్పట్లేదు. బెలోస్ చిరిగితే నీళ్ళు బేరింగులోకీ జాయింట్లలోకీ పోయి తుప్పు పట్టిస్తాయి. జాయింటు విరిగి ఆ వేగంతో కొట్టుకుంటే రబ్బరు చీలిపోతుంది. ఆ రంధ్రం నీటిమట్టానికి కింద ఉంటుంది, పడవ మునుగుతుంది. ఆ పెద్దాయన భయం ఉత్తుత్తి భయం కాదు. ఆ భయాన్నే ఆయనకి రెండుసార్లు అమ్మారు. నా కోపమంతా అక్కడే.

ఇప్పుడు మనవైపు చూద్దాం. మెకానిక్కుల్ని తిట్టి ఊరుకుంటే సగం తిట్టినట్టే. "రెండు గంటలు కొలిచి ఆలోచిస్తాను, దానికి ఇంత" అని ఎవరైనా బిల్లు రాస్తే మనం ఇస్తామా? "ఊరికే చూసినందుక్కూడా డబ్బులా?" అంటాం. రసీదులో పార్టుకి గడి ఉంది, బుర్రకి గడి లేదు. బుర్ర వాడితే నష్టం, పార్టు అమ్మితే లాభం అని మనమే నేర్పించాం వాళ్ళకి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం తక్కువ తిన్నామా! సర్వరు నెమ్మదించింది అనగానే మీటింగులో వచ్చే మొదటి మాట రీస్టార్ట్, రెండోది మెమరీ పెంచుదాం, మూడోది వెర్షన్ మారుద్దాం. నాలుగో రోజు ఎవడో ప్రొఫైలరు పెట్టి చూస్తే ఒక లూపులో డేటాబేసుని వెయ్యిసార్లు అడుగుతుంటుంది. అయినా ప్రమోషను మెమరీ పెంచినవాడికే వస్తుంది, ఎందుకంటే వాడు ఏదో "చేశాడు".

నేను చదివింది మెకానికల్. (మెకానికల్ చదివి కోడు రాస్తున్నావేంటని అడక్కండి, మా బ్యాచ్ అంతా అంతే.) హుక్స్ జాయింటు, అంటే ఇదే యూ-జాయింటు, మీద లెక్క పరీక్షలో ఖాయంగా వచ్చేది. కోణం 10 డిగ్రీలైతే బయటి షాఫ్టు వేగం ఒకటిన్నర శాతం అటూఇటూ ఊగుతుంది, 30 డిగ్రీలైతే 13 శాతం తగ్గి 15 శాతం దాకా పెరుగుతుంది. లెక్క చేశాం, మార్కులు తెచ్చుకున్నాం. కాలేజీలో నాలుగేళ్ళూ ఆ జాయింటుని చేత్తో పట్టుకున్నవాడు మా క్లాసులో లేడు. ఏ లోపం ఏ లయలో వణుకుతుందో పుస్తకంలో ఉంది, కానీ వణుకుతున్న యంత్రం ముందు నిలబెట్టి "కనుక్కో" అన్న మాస్టారు ఒక్కరూ లేరు.

విజయవాడ ఆటోనగర్లో మా బాబాయి లారీ బాగుచేసే మేస్త్రీ పదో తరగతి దాటలేదు. ఇంజను తడబడుతోందంటే, నడుస్తుండగానే నాజిల్‌కి వెళ్ళే పైపుల నట్లు ఒక్కోటీ కాస్త వదులు చేసి మళ్ళీ బిగించేవాడు. ఏది వదిలినా ఇంజను శబ్దం మారాలి. దేన్ని వదిలితే మారదో ఆ సిలిండరు అప్పటికే పనిచెయ్యట్లేదన్నమాట. బేరింగు మీద పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఆనించి పిడి చెవికి పెట్టుకునేవాడు. చిన్నప్పుడు నాకు అదేదో మంత్రంలా ఉండేది. ఒకసారికి ఒకటే మార్చడం, ఏం జరిగిందో వినడం... కొత్త పార్టులు కొనే స్తోమత లారీ ఓనర్లకి లేదు కాబట్టి ఆయనకి కనిపెట్టక తప్పేది కాదు. ఇక్కడ క్రెడిట్ కార్డులున్నాయి, చెవులు అక్కర్లేదు.

కాబట్టి మీరు పడవ కొన్నా, పాత కారు కొన్నా, ఏసీ బాగుచేయించుకున్నా, "మార్చి చూద్దాం" అనగానే మూడు ప్రశ్నలడగండి. ఇదే లోపమని ఎలా తెలిసింది? ఇది కాకపోతే ఎలా తెలుస్తుంది? తగ్గకపోతే పార్టు వెనక్కి తీసుకుంటారా? మా మెకానిక్కుని మూడోది అడిగితే నావైపు అదోలా చూసి, ఇంకో పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పెద్దాయనకి రెండు గ్రాఫులూ ఈమెయిల్లో పంపాను. "నూట నలభయ్యా?" అని ఒక్క మాట జవాబొచ్చింది, అంతే.

ఆ మిగిలిన ఐదో వంతు ఎక్కడిదో ఇంకా తేలలేదు. అలైన్‌మెంటు సరిచేశాక కాస్త తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నేల కింద చెక్క స్ట్రింగర్లు పాతికేళ్ళకి పైబడ్డాయి, ఎక్కడైనా నానిపోయి ఉంటే నేల ఇంత తేలిగ్గా ఊగడానికి అదీ ఒక కారణం కావచ్చు. వచ్చే శనివారం సుత్తి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా కొట్టుకుంటూ పోయి, ఎక్కడ ఖణేల్ మంటుందో, ఎక్కడ బొద్దుగా మోగుతుందో వినాలి.